జడ్జి ముందర చెప్పిన మాట

మా అత్త కెంపమ్మ మందలో ఏ మేక సూడిదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆమెకు తెలుసు, చెప్పదు. బేరానికి వచ్చినవాడు "ఎన్ని సూడివమ్మా?" అని అడిగితే, నాలుగు మేకలు పొట్టలు మోసుకుని ఆయాసంగా నడుస్తున్నా సరే, రెప్ప వెయ్యకుండా "అన్నీ ఒట్టివే" అంటుంది. పిల్ల నేలమీద పడి, లేచి, తల్లి పొదుగు వెతుక్కునేదాకా ఆ మాట నోటితో అనకూడదు. కుప్పం చుట్టుపక్కల జీవాలు మేపే మా ఇళ్ళల్లో అది అబద్ధం కిందికి రాదు. గడపకు పసుపు రాసినట్టు అదొక కాపు.

ఆ ఇంటికి కోడలిగా పోయి ఆరేళ్ళలో నేను కూడా ఆ విద్య నేర్చుకున్నాను. నేర్చుకున్న విద్య ఊరికే పోదంటారు. తొంభయ్యో సంవత్సరం ఎండాకాలంలో అది నన్ను తీసుకుపోయి జడ్జి ముందర నిలబెట్టింది.

నాకు మొదటిసారి నెల తప్పినప్పుడు కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఇరవై ఏళ్ళ పిల్లను, సంతోషం ఆపుకోవడం చేతకాలేదు. మూడో నెలలో పోయింది. రెండోసారి పుంగనూరులో ఉన్న మా అమ్మకు ఒక్కదానికే చెప్పాను. అయిదో నెల దాకా నిలిచింది, తర్వాత అదీ పోయింది. అప్పుడు మా అత్త నాకు వేడినీళ్ళు పోస్తూ, "నోరు రవ్వంత కట్టేసుకోవాల్సింది మ్మే" అంది. తిట్టలేదు, అరవలేదు. తిట్టినా బాగుండేది. ఆ ఒక్కమాట ముల్లులా లోపల విరిగి అక్కడే ఉండిపోయింది. నా బిడ్డల్ని నా నోరే మింగిందని నమ్మాను.

తర్వాత మా ఆయన నరసింహులు మస్కట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. రెండేళ్ళకు నన్ను కూడా అదే ఇంట్లో వంటపనికి పిలిపించుకున్నాడు. అక్కడ మూడోసారి నిలిచింది. ఈసారి గంగమ్మకు మొక్కుకున్నాను. పుంగనూరు జాతరలో పొంగలి పెట్టేదాకా ఈ మాట నోటితో అనను. ప్రతి మంగళవారం కటిక ఒక్కపొద్దు ఉంటాను, దీపాల వేళ దాకా పచ్చినీళ్ళు కూడా ముట్టను. మా ఆయనకు తెలుసు గానీ ఆయన చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. "కాన్పు మన దేశంలోనే కావాల" అని ఆయన పట్టుబట్టి టిక్కెట్టు కొన్నాడు. ఇంటికి రాసిన ఉత్తరంలో మాత్రం "జాతరకు వస్తాండాను, చిన్నాయనను ఎయిర్‌పోర్టుకు పంపండి" అని అంతే రాశాను.

టిక్కెట్టు మంగళవారానికి దొరికింది. అదే వచ్చిన తంటా.

విమానంలో ట్రే తెచ్చిన అమ్మాయికి వద్దన్నాను. నీళ్ళు తెచ్చింది, వద్దన్నాను. పళ్ళరసం తెచ్చింది, దానికీ తల అడ్డంగా ఊపాను. పాపం ఆ పిల్ల మూడుసార్లు వచ్చింది. దిగేముందు ఒకాయనతో ఏదో గుసగుసలాడుతూ నా వైపు చూసింది. ఒక్కపొద్దు మనిషిని చూసి మర్యాద చేస్తున్నారేమో అనుకున్నాను నేను.

దిగాక లైనులో నిలబడి ఉంటే కస్టమ్స్ వాళ్ళ తెల్ల యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి "ఇటు రామ్మా" అంది. తమిళం, తెలుగు కలిపి మాట్లాడుతోంది. నాకంటే చిన్నది, పెళ్ళి కూడా అయినట్టు లేదు. ఇద్దరు మగ ఆఫీసర్లు ఉన్న గదిలోకి తీసుకుపోయి పెట్టె తెరిచింది. రెండు దుప్పట్లు, ఖర్జూరం పొట్లాలు, సబ్బులు, తలనొప్పి మందు డబ్బాలు, మా అత్తకు ఒక టార్చిలైటు. టార్చిలైటును మాత్రం విప్పి, బ్యాటరీలు బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. ఏమీ దొరకలేదు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే తడమాలని రూలట. మగవాళ్ళను బయటికి పంపి ఆ యూనిఫాం మేడమే నన్ను తడిమింది.

"పొట్ట గట్టిగా ఉందే? ఎందుకు చెయ్యి తీయకుండా పట్టుకున్నావు?"

అప్పటిదాకా నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలియదు.

"విమానంలో నీళ్ళు కూడా తాగలేదట. ఏం?"

"ఒక్కపొద్దు మేడమ్. మంగళవారం గదా."

ఆమె నన్ను కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "గర్భమా అమ్మా? ఉంటే చెప్పు."

ఇంత మంచిగా ఎవరైనా అడుగుతారా? అడిగింది. నేనేం చేశాను? మా అత్త మేకల బేరగాడికి చెప్పినంత అనాయాసంగా, రెప్ప వెయ్యకుండా, "అయ్యో, అదేం లేదు మేడమ్. ఒట్టిదే" అన్నాను. కాయితం మీద ఆ మాట రాసింది. చదివి వినిపించి సంతకం పెట్టమంటే ఏడో తరగతి చదువుకున్న పొగరుతో పూర్తి పేరు, అమరావతి అని గుండ్రంగా పెట్టాను.

అప్పుడు పెద్దాఫీసరు వచ్చాడు. ఆయన మాటలు విన్నాక గానీ నాకు తెలివి రాలేదు. బంగారం బిస్కెట్లు ముక్కలు చేసి మింగి వచ్చేవాళ్ళు ఉంటారట. వాళ్ళు దారిలో తినరు, తాగరు. నీళ్ళు ముట్టకపోవడం, చెమటలు పట్టడం, పొట్ట పట్టుకోవడం, అన్నీ నాలో ఉన్నాయి. నాకు నవ్వు వచ్చింది. తర్వాత "ఎక్స్‌రే" అనే మాట వినబడింది. నవ్వు పోయింది.

అంతకు నాలుగేళ్ళ ముందు మా అమ్మ కాలు విరిగితే మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్ర అక్షరాల బోర్డు ఉండేది. గర్భిణీ స్త్రీలు ముందుగా చెప్పవలెను అని. ఆ తలుపు ముందర మధ్యాహ్నమంతా కూర్చున్నాను కాబట్టి అక్షరం అక్షరం గుర్తుంది. కడుపులో ఉన్న బిడ్డకు ఆ వెలుతురు మంచిది కాదని అక్కడి ఆయా చెప్పింది.

"నాకు ఎక్స్‌రే వద్దు సార్" అన్నాను. రెండో చెయ్యి కూడా పొట్ట మీదికి పోయింది. అది చూసేసరికి వాళ్ళ అనుమానం ఇంకా గట్టిపడింది.

"మాకు మేము తీయించడానికి లేదమ్మా" అంది మేడమ్. "చట్టం అట్లా ఉంది. లోపల సరుకుందని అనుమానమొస్తే నిన్ను ఆలస్యం చెయ్యకుండా మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోవాలి. ఆయనకు కారణం ఉందనిపిస్తే ఎక్స్‌రేకి రాస్తాడు, లేదంటే వదిలెయ్యమంటాడు. తీసేది కూడా ఆ చదువు చదివిన డాక్టరే. నీ అంతట నువ్వే లోపల ఉందని ఒప్పుకుని, తీయించుకుంటానంటే అంతదూరం పోనక్కర్లేదు."

"లేనిది ఉందని యాల ఒప్పుకుంటా?"

"అయితే పద, జడ్జి దగ్గరికి పోదాం."

బయట మా చిన్నాయన ఆదెప్ప తెల్లారినప్పటి నుంచీ అరటిపళ్ళ గెల సగం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను జీపు ఎక్కిస్తుంటే పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "సామీ, మా పాప బంగారం మింగేదేంది? చిన్నప్పుడు మాత్ర మింగమంటే ఊరంతా ఉరికించింది!" అని ఆఫీసరుకు దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. ఆఫీసరు నవ్వకుండా ఆయన్ని కూడా వెనక సీట్లో ఎక్కించుకున్నాడు.

దారిపొడవునా నాలో ఒకటే పోట్లాట. చెబితే మొక్కు పోతుంది. మొక్కు పోతే బిడ్డ పోతుంది. చెప్పకపోతే ఎక్స్‌రే తీస్తారు, అప్పుడూ బిడ్డకే ముప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా లేదని సంతకం పెట్టిన చేయి నాదే. ఇప్పుడు ఉందంటే ఎవరు నమ్ముతారు? తప్పించుకోవడానికి అల్లిన కథ అంటారు. లోపల రెండు రోజుల నుంచీ కదులుతున్న బిడ్డ ఆ జీపులో అసలు కదల్లేదు. గంగమ్మ తల్లీ, నీకూ ఆ రూలుకూ మధ్య నన్ను ఎందుకు నిలబెట్టినావే అని ఏడ్చాను.

కోర్టులో భోజనాల వేళ అయిపోయి మళ్ళీ మొదలవుతోంది. జడ్జి అరవై దగ్గర పడిన మనిషి, తెలుగాయనే. నెల్లూరు యాస. చుట్టూ గుమాస్తా, టైపిస్టు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, గుమ్మం దగ్గర మా చిన్నాయన. ఒక్క మేడమ్ తప్ప అందరూ మగవాళ్ళే.

ఆఫీసరు కాయితం ఇచ్చాడు. జడ్జి చదివి కళ్ళద్దాలు పైకి నెట్టాడు.

"ప్రయాణంలో ఏమీ తినలేదు, తాగలేదు. ఇంకా?"

"చెమటలు సార్. పొట్ట మీంచి చెయ్యి తీయడం లేదు. ఎక్స్‌రే అనగానే భయపడింది."

"నన్ను కోర్టుకు లాక్కొస్తే నాకూ చెమటలు పడతాయయ్యా. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ శనివారం పచ్చిగంగ ముట్టలేదు. ఆమెను కూడా పట్టుకునేవాడివా?"

ఆఫీసరు ఊరుకోలేదు. "సార్, ఇట్లాగే ఉపవాసం అని చెప్పినామె దగ్గర పోయిన నెల్లో పద్నాలుగు ముక్కలు దొరికాయి."

జడ్జి మళ్ళీ కాయితం చూశాడు. కలం తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ కలం ఏ వైపు పోతుందో నాకు అర్థం కాలేదు. "నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందామ్మా?" అని అడిగాడు.

గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. టైపిస్టు ఆవులించాడు.

"అయిదో నెల సార్" అన్నాను.

అంతే. రెండు మాటలు. నాలుగు నెలలు కడుపులో దాచిన మాట బయటపడటానికి ఒక ఊపిరి కూడా పట్టలేదు. గుమ్మం దగ్గర మా చిన్నాయన గభాలున తల పైకెత్తి, మగవాడు వినకూడని మాట విన్నందుకు కాబోలు, ఫ్యాను రెక్కల్ని చూస్తూ ఉండిపోయాడు.

"లేదని సంతకం పెట్టింది సార్!" అన్నాడు ఆఫీసరు.

"ఏమ్మా? ఈమె అడిగినప్పుడు లేదన్నావు గదా?"

"మా ఇండ్లల్లో అట్లే అంటారు సార్. మేక సూడిదైనా ఒట్టిదే అంటారు. ఈనేదాకా సెప్పకూడదు."

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. జడ్జి మీసాల్లో కూడా నవ్వు కదిలింది. "మేకకు సరే. నీకెందుకు?"

"ముందర రెండు పోయినాయి సార్. సెప్పుకున్నందుకే పోయినాయి."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మేడమ్ కిటికీ వైపు తిరిగింది.

జడ్జి కలం మూత పెట్టేశాడు. "ఎక్స్‌రేకి నేను రాయను. మీరు చూపించిన కారణాలు చాలవు. ఈమెను వదిలిపెట్టమని రాస్తున్నాను" అన్నాడు ఆఫీసరుతో. నా వైపు తిరిగి, గొంతు మార్చి, "పక్క వీధిలోనే సర్కారు ఆస్పత్రి ఉంది. లేడీ డాక్టరు ఉంటుంది. ఎండలో పొద్దుట్నుంచీ తిప్పారు నిన్ను. పోయి చూపించుకో. ఇది ఆర్డరు కాదమ్మా, నీ ఇష్టం" అన్నాడు.

నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను.

డాక్టరమ్మ మాట కటువు. చెయ్యి మాత్రం మెత్తన. గరాటు లాంటి చెక్కగొట్టం నా పొట్ట మీద పెట్టి చెవి ఆనించి చాలాసేపు కదలకుండా వింది. ఆమె వింటున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. "నాకు వినబడదా అమ్మా?" అని అడిగితే, వినడం ఆపకుండానే నా అరచేతిని పట్టుకుని వేలితో టకటకా కొట్టి చూపించింది. అంత వేగం! చేతిలో పట్టుకున్న మేకపిల్ల గుండె అట్లాగే కొట్టుకుంటుంది. ఆమె వేలు ఆగేదాకా ఏడుస్తూనే ఉన్నాను, నవ్వుతూనే ఉన్నాను.

"బాగుంది. ఇప్పుడు నీళ్ళు తాగు."

"ఇంగా దీపాలు పెట్టలేదు..."

"లోపలున్నదానికి దీపాలు తెలియవు. తాగు."

రెండు గ్లాసులు తాగాను. మొక్కుకు ఒక కాలు విరిగాక రెండోదాన్ని కుంటించడమెందుకు? బయట మేడమ్ నా పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. టార్చిలైటు బ్యాటరీలు మళ్ళీ ఆమే వేసిందట. "నేను అడిగాను గదా" అంది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అడిగినావు తల్లీ. నీ తప్పు అణువంత లేదు."

చిన్నాయన అరటిపండు ఒలిచి ఇచ్చాడు. తిన్నాను. ఇంకోటి ఒలిచాడు. రైల్వే స్టేషన్ చేరేసరికి తొమ్మిది తిన్నాను. తొమ్మిదో పండుకు బిడ్డ లోపల ఒక తన్ను తన్నింది. ప్రాణం లేచి వచ్చింది.

మరుసటి రోజు కుప్పంలో రైలు దిగుతుంటే మళ్ళీ భయం పట్టుకుంది. జడ్జి వదిలాడు, మా అత్త వదులుతుందా? చిన్నాయన నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి, ఆయన చెప్పకముందే నేనే చెప్పేశాను. పెట్టె వాకిట్లో పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, మస్కట్ నుంచి కోర్టు దాకా ఒక్క గుక్కలో చెప్పాను. కెంపమ్మ చేటలో రాగులు చెరుగుతూ వింది.

"ఎంతమంది ఉండారు ఆడ?"

"జడ్జితో కలిపి ఎనిమిదిమంది అత్తా."

"మగోళ్ళు?"

"ఏడుమంది."

ఆమె చేట దించి, లేచి, మేకల దొడ్డిలోకి పోయింది. ఆ పూట ఇంకో మాట లేదు. ఆ వారమంతా అంతే. వేళకు సంగటి పెట్టేది, పాలు కాచి ఇచ్చేది, బిందె ముట్టనిచ్చేది కాదు. మాట మాత్రం లేదు. ఆ మౌనం నన్ను చంపింది. రోజుకు పదిసార్లు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కదులుతోందా అని చూసుకునేదాన్ని. బట్ట మీద మరక ఉందేమోనని చూసుకునేదాన్ని.

జాతరకు ఇద్దరమే పుంగనూరు పోయాం. గుడి ముందర లైను తేరు తాడంత పొడుగు. ఎండ మాడ్చేస్తోంది. పొంగలి కుండ మా అత్త నెత్తిన, వేపమండలు నా చేతిలో. ముందుకు నాలుగడుగులు పోయేసరికి నాకు దుఃఖం ఆగలేదు. మాట తప్పిన మొహంతో ఆ తల్లి ముందు ఎట్లా నిలబడేది?

"యాల ఏడుస్తాండావు?" అంది కెంపమ్మ.

"మొక్కు సెడగొట్టుకున్నా అత్తా. నా నోరే నా బిడ్డలకు శత్రువు."

ఆమె కుండ దించి చంకన పెట్టుకుంది. పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. నా వైపు చూడకుండా, ముందర ఉన్నవాళ్ళ వీపుల్ని చూస్తూ అడిగింది. "నరసింహులు నాకు ఎన్నోవాడు?"

"మొదటోడు గదా."

"నాలుగోవాడు. వాడికి ముందర మూడు పోయినాయి."

నేను ఏడుపు మరిచిపోయి ఆమె మొహంలోకి చూశాను.

"ఎవురికీ సెప్పలేదు. మీ మామకు గూడా తెల్దు. మేకలతో పొయ్యి, గుట్ట మీదే... ఆన్నే మన్ను కప్పి వచ్చినా. ఊరికీ సెప్పలా, గోడకూ సెప్పలా. అయినా పోయినాయి." కుండ ఇంకో చంకకు మార్చుకుంది. "ఈ వారమంతా అదే ఆలోసన. నువ్వు నోరు తెరిస్తే పోయినాయి, నేను నోరు మూస్తే పోయినాయి. నోటికీ కడుపుకూ ఏం సమ్మందం లేదు మ్మే."

"మరి ఆ పొద్దు నీళ్ళు పోస్తా అట్లంటివి? ఇన్నేండ్లూ ఈ మాట నాకు యాల సెప్పలేదత్తా?"

"సెప్పకూడదు గదా" అంది కెంపమ్మ.

అని తనే నివ్వెరపోయింది. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా లోపల గుచ్చుకుంటున్నది ఆ ఎండలో, అందరి తోపులాటలో, ఊడి పడింది. ఒళ్ళు తేలికైపోయింది. ఇంత తేలికగా ఉండొచ్చని నాకు తెలియదు.

కెంపమ్మ కుండ మళ్ళీ నెత్తికెత్తుకుంది. ముందర ఉన్న ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళ భుజం తట్టి, మేకల్ని అదిలించే గొంతుతో అరిచింది. "అమ్మా, రవ్వంత జరగండి! మా కోడలికి అయిదో నెల! నిలబడలేదు!"

లైను జరిగింది. ఒకామె నీళ్ళిచ్చింది, ఒకామె గొడుగు పట్టింది. గుడి దాకా మా అత్త ఆ మాట ఎన్నిసార్లు అరిచిందో లెక్కలేదు. పొంగలి పెట్టి దణ్ణం పెట్టుకుంటే గంగమ్మ మొహం మామూలుగానే ఉంది.

శ్రావణమాసంలో మదనపల్లె ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు, గొంతు మాత్రం కెంపమ్మదే. మా ఆయనకు మస్కట్‌కు టెలిగ్రాం పోయింది. మధ్యాహ్నం నర్సు పుస్తకం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"పేరు అమరావతి. తొలి కాన్పేనా?"

అలవాటు కొద్దీ "ఆఁ" అన్నాను.

మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అత్త తల ఎత్తింది.

"కాదమ్మా. ముందర రెండుండాయి. ఇది మూడోది" అంది. "మూడూ రాయి."